ఒకటితో మొదలయ్యే పీఎన్‌ఆర్

రైలు టికెట్ మీద ఉండే పది అంకెల పీఎన్‌ఆర్‌లో మొదటి అంకె ఒక ఊరి గుర్తు. అది 1 అయితే ఆ ప్రయాణం వివరాలు సికింద్రాబాద్ రిజర్వేషన్ కేంద్రానివి. మిగతా అంకెలను ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై కేంద్రాలు పంచుకున్నాయి. టికెట్ ఎక్కడ కొన్నామన్నదానితో దీనికి పని లేదు, బండి బయల్దేరే స్టేషన్ ఏ కేంద్రం కిందికి వస్తుందన్నదే లెక్క. జవాబు కోసం ఎక్కడ వెతకాలో ప్రశ్నలోనే రాసిపెట్టారన్నమాట.

డేటాబేస్‌ను ప్రశ్న అడగడాన్ని క్వెరీ అంటారు. సమాచారాన్ని ఏ వరసలో దాచామో దాన్నిబట్టే ఏ క్వెరీ తేలికో, ఏది కష్టమో తేలిపోతుంది. కంప్యూటర్ల కంటే పాత సంగతి ఇది. సికింద్రాబాద్ రిజర్వేషన్ కౌంటర్ల కథలో ఇది మొదటినుంచీ కనిపిస్తుంది.

నిజాం కాలంలో 1874లో రైలు వచ్చిన ఊరు సికింద్రాబాద్. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, ఈ ఊరే దాని కేంద్రమైంది. అప్పట్లో రిజర్వేషన్ అంటే లావుపాటి రిజిస్టర్లు. బండికీ తేదీకీ కలిపి పేజీలు కేటాయించేవారు. ఏ కిటికీ దగ్గర ఏ రిజిస్టరు ఉంటే అక్కడ ఆ బండ్లకే టికెట్. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఫలానా తారీఖున బెర్తు ఉందా అంటే క్లర్కు పేజీ తిప్పి చూసి ఒక్క నిమిషంలో చెప్పగలడు. ఫలానా పేరు గల మనిషి ఈ వారం ఏ బండిలో వెళ్తున్నాడని అడిగితే మాత్రం అన్ని కిటికీల్లోని అన్ని రిజిస్టర్లూ తిరగేయాలి. క్లర్కు సమర్థుడే, కానీ రిజిస్టరును పేరు వరసలో రాయలేదు. తిరుగు ప్రయాణానికి అవతలి ఊరికి టెలిగ్రాం కొట్టి ఎదురుచూడాల్సి వచ్చేది.

1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. ‘ఇంప్రెస్’ అనే ఆ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ. ఆ సంస్థ పరిశోధన విభాగం చాలాకాలం సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డులోనే ఉండేది. 1986లో రైల్వే తన సొంత సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్‌ను పెట్టుకుంది. 1980ల చివరికల్లా సికింద్రాబాద్ కౌంటర్లలోకీ టెర్మినళ్లు వచ్చాయి. రిజిస్టర్లు పోయాయి, ఏ కిటికీలోనైనా ఏ బండికైనా టికెట్ దొరికింది. అయితే ఒక్కో కేంద్రం ఒక్కో దీవి. తన పరిధిలోని బండ్ల సంగతే దానికి తెలుసు.

ఆ దీవులను కలపడానికి క్రిస్ రాసిన సాఫ్ట్‌వేర్ పేరు ‘కాన్సర్ట్’. 1990ల మధ్యలో దాన్ని దేశంలో మొట్టమొదట నడిపిన కేంద్రం సికింద్రాబాదే. ఈ ఊరికి దక్కాల్సినంత పేరు దక్కని ఘనత ఇది. ఇక్కడి కౌంటరులో ఢిల్లీ బండి గురించి అడిగితే ఆ ప్రశ్న ఢిల్లీ యంత్రానికి వెళ్లి జవాబుతో తిరిగొస్తుంది. 1999 నాటికి ఐదు కేంద్రాలూ ఇలా ఒక్కటయ్యాయి. సీ, ఫోర్‌ట్రాన్ భాషల్లో రాసిన ప్రోగ్రాములవి. కౌంటరులో క్లర్కు క్వెరీ రాయడు. ప్రోగ్రామర్లు ముందే ఊహించి రాసిపెట్టిన ప్రశ్నల్లోంచి ఒకదాన్ని ఎంచుకుంటాడు.

ముందుగా ఊహించని ప్రశ్నను కూడా అడగగలగాలన్న ఆలోచన మరోచోట పెరిగింది. 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్, సమాచారాన్ని పట్టికలుగా పరిచి, దాచిన వరసతో నిమిత్తం లేకుండా ప్రశ్నించవచ్చని ప్రతిపాదించాడు. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ అందుకు ఒక భాష కల్పించారు. ఎస్‌క్యూఎల్‌గా స్థిరపడింది అదే. సమాచారాన్ని పట్టికలుగా విడగొట్టకుండా ఒక్కో పత్రంగానే దాచే, మోంగోడీబీ వంటి డాక్యుమెంట్ డేటాబేస్‌లు 2009 ప్రాంతంలో వాడుకలోకి వచ్చాయి.

పట్టికలకూ డాక్యుమెంట్లకూ తేడా చూడాలంటే రిజర్వేషన్ ఫారం కంటే మంచి ఉదాహరణ లేదు. ఒక ఫారం మీద ఆరుగురి దాకా రాయవచ్చు, అందరికీ కలిపి ఒకటే పీఎన్‌ఆర్. రైల్వే తన ఫైళ్లను ఎలా పెట్టుకుందన్నది పక్కనపెట్టి చూద్దాం. రిలేషనల్, అంటే పట్టికల పద్ధతిలో ఇది రెండు పట్టికలవుతుంది. ఒకదాంట్లో పీఎన్‌ఆర్, బండి, తేదీ, మొత్తం చార్జీ. రెండోదాంట్లో మనిషికో వరస: పేరు, వయసు, బెర్తు, పక్కన పీఎన్‌ఆర్. రెంటినీ కలపడమే జాయిన్. డాక్యుమెంట్ పద్ధతిలో ఫారం ఎలా ఉందో అలాగే ఉంటుంది, ప్రయాణికులంతా దాని కడుపులోనే ఉంటారు. పీఎన్‌ఆర్ ఇచ్చి వివరాలు రప్పించడం రెంట్లోనూ తేలికే. తేడా ఆ తర్వాతి ప్రశ్నల్లో బయటపడుతుంది.

అరవై దాటినా పై బెర్తు పడినవారు ఎవరన్నది రైల్వేకు నిజంగా పనికొచ్చే ప్రశ్న. పట్టికలో మనిషికో వరస ఉంటుంది కాబట్టి రెండు షరతులూ ఒకే మనిషికి వర్తిస్తాయి. డాక్యుమెంట్‌లో అవే షరతులను విడివిడిగా రాస్తే తాతగారికి కింది బెర్తు, మనవడికి పై బెర్తు ఉన్న పీఎన్‌ఆర్ కూడా జాబితాలోకి వచ్చేస్తుంది: వయసు ఒకరిది, బెర్తు మరొకరిది. అందుకే మోంగోడీబీలో రెండు షరతులూ ఒకే ప్రయాణికుడికి సరిపోవాలని చెప్పే ‘ఎలెమ్‌మ్యాచ్’ వాడాలి. పట్టికల పొరపాటు మరో రకం. రెంటినీ జాయిన్ చేసి చార్జీలు కూడితే నలుగురున్న పీఎన్‌ఆర్ చార్జీ నాలుగుసార్లు పడుతుంది. చార్జీలు కూడిన తర్వాత జాయిన్ చేయాలి, లేదా చార్జీని మనిషి వరసలోనే పెట్టాలి.

వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి బెర్తు గడి ఖాళీ. పై బెర్తు కానివారందరినీ చూపమంటే ఎస్‌క్యూఎల్ వీళ్లను వదిలేస్తుంది, ఖాళీ గడి దేనితోనూ సమానమనీ కాదనీ అది తేల్చదు కనుక. మోంగోడీబీలో అదే ప్రశ్నకు వీళ్లూ వస్తారు. మాట ఒకటే అయినా జాబితాలు వేరు. లెక్క తేడా వచ్చాక కారణం వెతకడం కంటే, ఖాళీ గడుల సంగతి క్వెరీలోనే తేల్చి రాయడం మేలు.

అన్నిటికంటే చిక్కైన ప్రశ్న చిన్నదిగా వినిపిస్తుంది: బెర్తు ఖాళీ ఉందా? ఒకే బెర్తు సికింద్రాబాద్ నుంచి విజయవాడ దాకా ఒకరిది, విజయవాడ నుంచి విశాఖపట్నం దాకా ఇంకొకరిది కావచ్చు. స్టేషన్లకు వరస నంబర్లు ఇచ్చామనుకుందాం. ఆ బెర్తు మీద ఎవరైనా మనం దిగేలోపు ఎక్కుతూ, మనం ఎక్కిన తర్వాత దిగుతుంటే బెర్తు ఖాళీ లేనట్టు. ఈ రెండు షరతులూ నిజమయ్యే మనిషి ఒక్కరూ లేకపోతేనే ఖాళీ. వరంగల్, ఖమ్మం, ఏలూరు, రాజమండ్రి స్టేషన్లకు విడి కోటాలు ఉంటే లెక్క ఇంకా పెరుగుతుంది. రిజిస్టర్ల కాలపు క్లర్కు ఈ పనంతా కళ్లతోనే చేసేవాడు.

బండి బయల్దేరే ముందు తయారయ్యే చార్టు కూడా ఒక క్వెరీయే. బోగీవారీగా విడగొట్టి, బెర్తు వరసలో పేర్చి, రద్దయినవారిని తీసేసి, సీటు మాత్రమే దక్కి బెర్తు కోసం చూస్తున్న ఆర్‌ఏసీ వారిని పైకి జరిపిన జాబితా అది. 2018 మార్చి నుంచి పెద్ద స్టేషన్లలో బోగీలకు ఆ కాగితాలు అంటించడం ఆపేశారు.

2025 జూన్‌లో రైల్వే శాఖ కొత్త రిజర్వేషన్ వ్యవస్థ గురించి చెబుతూ పాతదాని సామర్థ్యం కూడా చెప్పింది: నిమిషానికి 32,000 టికెట్లు, 4 లక్షల ఎంక్వైరీలు. కొత్తదానికి పెట్టుకున్న లక్ష్యం నిమిషానికి లక్షన్నర టికెట్లు, 40 లక్షల ఎంక్వైరీలు. టికెట్ల సామర్థ్యాన్ని సుమారు ఐదింతలు పెంచుతుంటే ఎంక్వైరీలకు పదింతలు కావాల్సి వస్తోంది. కొనేవారికంటే అడిగేవారే ఎక్కువ, వారిలో చాలామంది అడిగేది రెండే: ఈ పీఎన్‌ఆర్ ఎంతవరకు వచ్చింది, ఆ తారీఖున బెర్తు ఉందా.