ఖుర్దా రోడ్డున తురాయి పూచు కాలము

ఒడిశాలో ఖుర్దా రోడ్డు స్టేషనున వైశాఖమాసపు పగటివేళ బండి దిగినవారికి ఊరికంటె ముందు ఎఱ్ఱగా పూచిన చెట్లు కనబడును. పేరు ఖుర్దా రోడ్డే గాని స్టేషను ఉన్న ఊరు జట్ని. ఖుర్దా పట్టణము వేరు. పట్టణమునకు పోవు దారిలోని స్టేషనుకు ‘రోడ్డు’ అని చేర్చుట రైలువారి పాత అలవాటు. మనవారికి బదిలీ యుత్తరువులో చదివిన పేరే నాలుకమీద నిలిచిపోయినది.

బెజవాడ నుండి కటకము వరకు ఈస్టు కోస్టు స్టేటు రైల్వే 1893 మొదలు 1896 లోపల భాగములుగా తెరువబడెను. 1897 ఫిబ్రవరి 1న పూరీ శాఖ తెరువబడగా ఖుర్దా రోడ్డు జంక్షను ఆయెను. 1902లో వాల్తేరుకు ఉత్తరపు భాగము బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరెను. ఆ పట్టాల వెంటనే విశాఖపట్టణము, గంజాము సీమల తెలుగు కుటుంబములు చిలుక సరస్సు దాటి వచ్చినవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రము అగువరకు గంజాము మద్రాసు రాజధానిలోనిదే గదా! బరంపురము నుండి నాలుగు గంటల ప్రయాణములో పరదేశము పోవుచున్నామని వారికి తోచియుండదు.

తురాయియు మనవలెనే వలస వచ్చినదే. దాని జన్మభూమి మడగాస్కరు ద్వీపము; 1829లో వృక్షశాస్త్రజ్ఞుల గ్రంథముల కెక్కినది. త్వరగా పెరుగును, గొడుగువలె విచ్చుకొనును. క్వార్టర్ల వరుసల నడుమ నాటుటకు ఇంతకంటె ఏమి కావలయును? దక్షిణ అమెరికా నుండి వచ్చిన నిద్రగన్నేరు మరియొకటి. సాయంకాలము దాని ఆకులు ముడుచుకొనగానే, “చెట్టు పడుకొన్నది, ఇండ్లకు రండి” అని తల్లులు పిల్లలను కేకవేసెడివారు. రేల మాత్రము ఈ నేలదే. పసుపుకొమ్ములు అరగదీసినట్లు వ్రేలాడు ఆ పూగుత్తులను ఒడియావారు సునారి అందురు.

పేర్లలో ఒక వింత కలదు. తలపాగామీది కుచ్చు తురాయి. ఒడియావారు అదే చెట్టును కృష్ణచూడ అందురు. చూడ యనగా సిగ. పరదేశపు చెట్టును చూచి ఇరుగుపొరుగు జాతులు రెండును శిరోభూషణమునే తలచుకొన్నవి.

వేసవి తక్కిన ముచ్చట్లును అట్లే కలిసిపోయినవి. మేషసంక్రాంతినాడు ఒడియావారి తులసికోటపై చిల్లికుండ వ్రేలాడి బొట్టుబొట్టుగా నీరు కార్చును. ఇంట మారేడు పానకము చేయుదురు. శ్రీరామనవమికి మన బెల్లపు పానకము గోడ దాటి అటు పోయెడిది, అది ఇటు వచ్చెడిది. వారి పఖాళము, మన చద్దన్నము ఒకే మట్టికుండ సంతానము. ఆవిరి యంత్రముల కాలమున ఫైర్‌మన్లు బొగ్గుమసితో ఇల్లు చేరి మొదట కూజా నీరు, తరువాత ఆ అన్నమే అడిగెడివారు. ఆషాఢమున రథయాత్రకు పోవు జనము బండ్లు మారుటకు దిగి ఈ చెట్ల నీడనే మూటలు విప్పుకొనెడిది. అప్పటికి పూత రాలి నేలయే ఎఱ్ఱనై యుండును.

తురాయి కొమ్మ పెళుసు. వేరు లోతునకు పోదు. 2019 మే 3న ఫణి తుపాను పూరీ వద్ద తీరము దాటినప్పుడు ఈ ప్రాంతమున లెక్కలేనన్ని చెట్లు పూతతోనే కూలినవి. మా వీధి చివరిదియు పడినది. కొమ్మలు నరుకువారు కృష్ణచూడ అనిరి, మా పిల్లలును కృష్ణచూడ అనిరి. అందులో తప్పులేదు, ఆడుకొను వీధి భాష అది. కాని ఆ దినమున ఆ చెట్టును తురాయి అన్నది మా పెద్దమ్మ యొక్కతెయే. ఆ మాట ఆ వీధిలో ఎంత సన్నని దారముపై నిలిచియున్నదో నాకు అప్పుడు తెలిసినది.

ఆమె ఎండుకాయలు రెండు ఏరుకొని వచ్చెను. గింజ పెంకు గట్టిది, వేడినీట నానవేసినగాని త్వరగా మొలవదు. పిల్లలను కూర్చుండబెట్టి నానవేయించి, ప్రతి గింజకును పేరు చెప్పించెను. రెండు మొలిచినవి. ఒకటి మేక తిన్నది; రెండవది పెరటిగోడ దాటినది.