ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, మద్రాసు హెరాల్డ్

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. మూడు లక్షలకు పైగా తయారయ్యాయి. పేరు రెండో ప్రపంచయుద్ధం నాటి యుద్ధవిమానానిది. దీని తోబుట్టువు మాత్రం తెలుగువారు ఎరిగినదే: మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్.

ఆ హెరాల్డ్‌కు మూలం బ్రిటన్ కారే; దాన్నే ముందు చెప్పుకోవాలి. 1959 నాటికి బ్రిటన్‌లో చాలా కంపెనీలు చాసిస్, బాడీ కలిపి ఒకటిగా కట్టడానికి మారిపోయాయి. హెరాల్డ్ తయారుచేసిన స్టాండర్డ్-ట్రయంఫ్‌ కంపెనీకి బాడీలు చేసిపెట్టే సంస్థను పోటీ కంపెనీ కొనేసింది. దాంతో విడి చాసిస్ మీద ముక్కలుగా బోల్టులతో బిగించే పద్ధతికి రాక తప్పలేదు. హెరాల్డ్ రూపం ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టిది. బానెట్, మడ్‌గార్డులు, హెడ్‌లైట్లు అన్నీ కలిసి ఒకే ముక్కగా ముందుకు లేస్తాయి. మెకానిక్ ముందు టైరు మీదే కూర్చుని ఇంజిను పని చూసుకోవచ్చు. మరమ్మతుకు ఇంత అనువైన కారు అరుదు.

ఆ చాసిస్‌నే కురచ చేసి, పక్క దూలాలు తీసేసి మికెలొట్టి గీసిన బాడీ తొడిగితే స్పిట్‌ఫైర్ అయింది. డబ్బు లేక నమూనా మూలన పడింది. 1961లో కంపెనీని లేలాండ్ కొన్నాక, ఫ్యాక్టరీలో గుడ్డ కప్పి ఉన్న ఆ బండి కొత్త యాజమాన్యం కంటపడి తయారీకి వెళ్ళింది. 1147 సీసీ ఇంజిను, 63 హార్స్‌పవర్, ముందు డిస్క్ బ్రేకులు. 1965 లె మాన్స్ 24 గంటల పందెంలో తన తరగతిలో మొదటి రెండు స్థానాలూ దీనివే.

భారత్‌లో స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ 1961లో హెరాల్డ్ మొదలుపెట్టింది. ఇంజిను 948 సీసీ. అంబాసిడర్, ఫియట్ తప్ప దానికి పెద్ద పోటీ లేని రోజులవి. బ్రిటన్ ఎన్నడూ చేయని నాలుగు తలుపుల హెరాల్డ్‌ను మద్రాసే చేసింది.

రెండు కార్లకూ ఒకటే బలహీనత. వెనక చక్రాలు దేనికది ఊగే స్వింగ్ యాక్సిల్. వేగంగా మలుపు తిరుగుతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం పైకి లేచి, చక్రం లోపలికి ముడుచుకుని, బండి పట్టు తప్పేది. బ్రిటన్ వారు 1970లో స్పిట్‌ఫైర్ వెనక స్ప్రింగును మార్చి దీన్ని చాలావరకు అదుపు చేశారు. మద్రాసు వారు స్వింగ్ యాక్సిల్‌నే వదిలేశారు: హెరాల్డ్ నుంచే రూపొందించి 1972లో తెచ్చిన గజెల్‌కు మామూలు గట్టి యాక్సిల్ వేశారు. గజెల్ 1977 దాకా నడిచింది.