కుంతలీన్ నూనె నుంచి కొలాబ్ రీల్ దాకా

1896లో కలకత్తాలో హేమేంద్రమోహన్ బోస్ అనే వ్యాపారి ఒక కథల పోటీ పెట్టారు. ఆయన అమ్మేవి కుంతలీన్ అనే తలనూనె, దెల్‌ఖోష్ అనే సెంటు. పోటీకి ఓ షరతు ఉంది. కథలో ఎక్కడో ఒకచోట ఆ నూనో సెంటో రావాలి, కానీ చదివేవాళ్ళకి అది ప్రకటనలా అనిపించకూడదు. ఇవాళ ఐదువేల మంది ఫాలోవర్లున్న కాలేజీ అమ్మాయికి ఏ ఫేస్‌వాష్ కంపెనీ వాళ్ళో మెసేజ్ పెట్టి అడిగేది కూడా దాదాపు ఇదే: బట్టీపట్టి చెప్పినట్టు ఉండకూడదు, మామూలుగా మాట్లాడినట్టు ఉండాలి.

ఆ మొదటి ఏడాది బహుమతి వచ్చిన కథ ‘నిరుద్దేశేర్ కాహినీ’. రాసింది శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్. కలకత్తాని ముంచెత్తాల్సిన తుఫాను ఉన్నట్టుండి మాయమైపోతుంది. ఎందుకో వాతావరణ నిపుణులకి అంతుబట్టదు. అసలు సంగతేమిటంటే, జ్వరం వల్ల జుట్టు రాలిపోయి, గాలి మార్పు కోసం ఓడలో సింహళం వెళ్తున్న కథకుడు తన దగ్గరున్న తలనూనె సముద్రంలో పోస్తాడు, అలలు సద్దుమణుగుతాయి. బెంగాలీలో తొలినాటి సైన్స్ ఫిక్షన్ కథల్లో ఒకటిగా దీన్ని చెప్పుకుంటారు. 1921లో బోస్ దీన్ని తిరగరాసి, పేరు మార్చి, తన ‘అవ్యక్త’ పుస్తకంలో చేర్చుకున్నారు. 1903లో అదే బహుమతి ‘మందిర్’ అనే కథకి వచ్చింది. పంపిన పేరు సురేంద్రనాథ్ గంగోపాధ్యాయ్. రాసింది ఆయన మేనల్లుడు శరత్ చంద్ర. తెలుగువాడే అనుకునేంతగా మనవాళ్ళు చదువుకున్న శరత్ తొలి అచ్చు కథ, ఇప్పటి భాషలో చెప్పాలంటే, స్పాన్సర్డ్ కంటెంట్.

మరి ఇందులో మోసం ఉందా? నాకైతే లేదనే అనిపిస్తుంది. ఆ కథలు ‘కుంతలీన్ పురస్కార్’ అనే పుస్తకాల్లో అచ్చయ్యేవి. కథలోపల నూనె ఎంత ఒద్దికగా దాక్కున్నా, డబ్బెవరిదో పుస్తకం పేరే చెప్పేది.

మన దగ్గరా వ్యాపారం, సాహిత్యం ఇలా కలిసి నడిచిన రోజులున్నాయి. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, 1908లో అక్కడే ఆంధ్రపత్రిక స్థాపించారు. మద్రాసులో కేసరి కుటీరం పెట్టి ఆడవాళ్ళ కోసం లోధ్ర మందు అమ్మిన కె.ఎన్. కేసరి 1928లో గృహలక్ష్మి పత్రిక తెచ్చారు, రచయిత్రులకి స్వర్ణకంకణాలు తొడిగారు. కేసరి అంటే లోధ్ర అని అందరికీ తెలుసు. మందు ప్రకటన ఒక పేజీలో, కథ ఇంకో పేజీలో. మధ్య గీత కనిపించేది.

ఆ గీత ఎప్పుడూ ఉండేదని కాదు. డబ్బు తీసుకుని వేసే రాతల మీద ‘ప్రకటన’ అని అచ్చు వెయ్యాలని అమెరికా 1912లోనే పత్రికలకి చట్టం చెయ్యాల్సొచ్చింది. దాదాపు వందేళ్ళకి అదే తగువు బ్లాగుల్లోకి వచ్చింది. 2006లో పే పర్ పోస్ట్ అనే అమెరికన్ కంపెనీ, ఫలానా వస్తువు గురించి రాస్తే పోస్టుకింత అని మామూలు బ్లాగర్లకి డబ్బివ్వడం మొదలుపెట్టింది. డబ్బు తీసుకున్న సంగతి పాఠకులకి చెప్పాలన్న నియమం మొదట్లో లేదు. విమర్శలు వచ్చాకే పెట్టింది. 2009లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఆ సంబంధం బయటపెట్టి తీరాలని మార్గదర్శకాలిచ్చింది.

ఇక్కడే అసలు మార్పు. పాత ప్రకటనకర్త కొన్నది పత్రికలో జాగా. బ్లాగుతో, ఆ తర్వాత ఇన్‌స్టాతో, కొంటున్నది ఒక మనిషి మాట. సినిమా హీరో సబ్బు పట్టుకుంటే అది యాడ్ అని చిన్నపిల్లలకీ తెలుసు. మన క్లాస్‌మేట్ పట్టుకుంటే తెలీదు. కంపెనీ డబ్బిచ్చి కొనేది ఆ తెలియకపోవడాన్నే. ఫాలోవర్లు తక్కువున్నవాళ్ళ వెంట కూడా కంపెనీలు పడేది అందుకే.

మన దేశంలో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకి నియమాలు పెట్టింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ ఇంకాస్త వివరంగా చెప్పింది. డబ్బే కానక్కర్లేదు, ఉచితంగా వచ్చిన వస్తువు, డిస్కౌంటు, ట్రిప్పు, ఏదైనా చెప్పాల్సిందే. హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపేస్తే కుదరదు. తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఆదాయపన్ను శాఖ కూడా ఊరుకోలేదు. ఉచితంగా వచ్చిన ఫోను తిరిగివ్వకుండా ఉంచుకుంటే, అలాంటివాటి విలువ ఏడాదికి 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ అని 2022 జులై నుంచి అమల్లో పెట్టింది. అంటే ‘ఊరికే పంపారు’ అనే మాటని ప్రభుత్వం ఆదాయంగానే లెక్కేసింది.

కాయితం మీది ఈ సంగతి తెలుగునాట వీధిలోకొచ్చింది 2025 మార్చిలో. ఆన్‌లైన్ బెట్టింగ్‌ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. అయినా బెట్టింగ్ యాప్‌లని ప్రచారం చేశారని సినిమావాళ్ళతో పాటు యూట్యూబర్ల మీద కూడా హైదరాబాద్‌లో కేసులు పడ్డాయి. తలనూనె పనిచెయ్యకపోతే పోయేది సీసా డబ్బులే. ఇక్కడ పోయేవి అప్పు తెచ్చిన జీతాలు, ఒక్కోసారి ప్రాణాలు.

పక్క సంపాదన తప్పేం కాదు. అద్దెలు కట్టాల్సిన ఊళ్ళో ఓ రీల్‌తో నాలుగు డబ్బులొస్తే ఎవరు కాదంటారు? జగదీశ్ చంద్ర బోస్ అంతటివాడే నూనె మీద కథ రాశాడు. 2023 నియమాల్లో ఇంకో మంచి మాట ఉంది: ప్రచారం ఏ భాషలో చేస్తే, ప్రకటన అన్న సంగతీ అదే భాషలో చెప్పాలి. రీలంతా తెలుగులో నడిచి, డబ్బు సంగతి మాత్రం మూలన ఇంగ్లీషు పొట్టి అక్షరాల్లో ఉంటే సరిపోదన్నమాట. ‘ఇది ప్రకటన’ అని తెలుగులో మొదటే చెప్తే కంపెనీ ఇచ్చే రేటు తగ్గిపోతుందని భయమా? అయితే ఆ తగ్గే డబ్బు ఇన్నాళ్ళూ దేనికి వస్తోందో ఒకసారి లెక్క చూసుకోవాలి.