పొగగొట్టము – యంత్రబలము



మోటారుసైకిలు వెనుక నుండు గొట్టము పొగను వదలుటకును, చప్పుడు నణచుటకును మాత్రమే యేర్పడినదని పలువురి తలంపు. దానిని తీసివైచినచో బండి బలము హెచ్చునని కొందరు యువకులు నమ్ముచున్నారు. అందు నిజమెంతయో చరిత్రమువలన విన్నవించెదను.

1876లో జర్మనీదేశమున నికొలాస్ ఒట్టో నాలుగు ఊపుల యంత్రమును నిర్మించెను. మొదటి యూపున ఇంధనవాయువు లోనికి వచ్చును, రెండవదానిచే నొత్తబడును, మూడవదాన మండి పిస్టనును త్రోయును, నాలుగవదాన కాలిన వాయువు వెడలిపోవును. 1885లో డైమ్లరు, మైబాఖులు ఇట్టి యంత్రమునే కొయ్యబండిపై నమర్చిరి. మోటారుసైకిలునకు అదియే మూలము.

చిక్కంతయు నాలుగవ యూపునందే కలదు. కాలిన వాయువు కొంత లోపలనే నిలిచి, క్రొత్తదానికి చోటీయదు. 1890 తరువాతి దశకమున ఇంగ్లండులోని క్రాస్లీవారు, నేలపై స్థిరముగా నిలిపిన యంత్రమునకు సుమారు 65 అడుగుల గొట్టము తగిలించి, పరుగెత్తు వాయువే వెనుకటి శేషమును లాగికొనిపోవునట్లు చేసిరి.

ఇది యెట్లు జరుగును? కవాటము తెరువగనే వాయువు దెబ్బవలె గొట్టమున పరుగిడును. తెరచియున్న కొనను చేరి, పీల్చు కెరటమై వెనుకకు మరలును. రెండు కవాటములును కొంచెము తెరచియుండు క్షణమున అది వచ్చి చేరినచో, పాతవాయువును లాగి, క్రొత్తదానిని రప్పించును. నిమిషమునకు 6,000 చుట్లు తిరుగు యంత్రమున నిది సెకనునకు 50 మారులు జరుగవలెను. ఉయ్యాల నూపువాడు వేళ కనిపెట్టి త్రోసినట్లే యిదియును. వేళ తప్పినచో మేలునకు మారు కీడే కలుగును. కావున గొట్టపు పొడవు ఒక వడికి కుదిరిన, వేరొక వడికి కుదురదు.

1930 తరువాత నార్టను పందెపు బండ్లకు బాకావలె విచ్చుకొను గొట్టములు పెట్టిరి. అవి మిక్కిలి వడిలో బలమిచ్చెను. తక్కువ వడిలో యంత్రము తడబడెను. ఈ లోపము తీర్చుటకై 1987లో జపానులోని యమహావారు, వడినిబట్టి తిరుగు తలుపును గొట్టమందే యమర్చిరి.

1955 నుండి మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డు బుల్లెట్టు మన పల్లెలకును పరిచితమే. దాని గొట్టమును మార్చి వీధి దద్దరిల్లజేయువారికి నా మనవి యిది: చప్పుడు బలము కాదు. కెరటపు వేళ తప్పును. గాలికిని పెట్రోలునకును గల పాళము చెడును. మన బాటలకు కావలసిన తక్కువ వడిలోని లాగుడే తగ్గవచ్చును. మోటారు వాహనములకు సైలెన్సరు ఉండవలెనని 1989 నాటి కేంద్రనియమములును శాసించినవి. పెద్దలు ఈ కారణమును విడమరచి చెప్పినచో, గద్దింపు కంటె నది యెక్కువగా చెవికెక్కునని నా నమ్మకము.