నల్లమల మీటర్‌గేజిపై ఆవిరి ఇంజన్ల చివరి దశ

గుంటూరు–గుంతకల్ లైనును 19వ శతాబ్దం చివర్లో సదరన్ మరాఠా రైల్వే 1000 మి.మీ. గేజిపై వేసింది. మిర్చి, పత్తి చేల నడుమ వినుకొండ, దొనకొండ, మార్కాపురం, గిద్దలూరు దాటి దిగువమెట్ట దగ్గర నల్లమల ఎక్కుతుంది. అసలు పరీక్ష అక్కడే. ఆవిరి ఇంజనుకు బొగ్గెంత ముఖ్యమో నీళ్లూ అంతే ముఖ్యం. ఈ మెట్టసీమలో ఆ రెండో సరుకే కరవు. దొనకొండలో లోకోషెడ్ ఉండేది. ఊరికి గుర్తింపు తెచ్చిందీ అదే. స్వాతంత్ర్యం తర్వాత దేశంలోని మీటర్‌గేజి లైన్లపై ప్రయాణికుల బండ్లకు వైపీ, గూడ్సుకు వైజీ తరగతి ఇంజన్లు ప్రామాణికమయ్యాయి. వైజీల తయారీ 1972లో ఆగింది. తర్వాత వైడీఎం-4 డీజిళ్ల కాలం. 1990లలో బ్రాడ్‌గేజి రాగా, బొగద దగ్గరి దొరబావి వంతెనను పక్కనపెట్టి కొత్త దారి వేశారు.