పూచీ ఎవరిది? మద్రాసులో కొనుగోలుదారు హక్కుల చరిత్ర

కొన్న వస్తువు చెడిపోతే పూచీ ఎవరిదన్న ప్రశ్నకు 20వ శతాబ్దం మొదట్లో మద్రాసులో రెండు జవాబులు ఉండేవి. ఒకటి మూర్ మార్కెట్‌ది. నగర కార్పొరేషన్ అధ్యక్షుడు సర్ జార్జ్ మూర్ హయాంలో 1898లో పునాది పడిన ఆ కట్టడం 1900లో తెరుచుకుంది. పాత పుస్తకాల నుంచి గ్రామఫోన్ల దాకా అక్కడ దొరకనిది లేదు. బేరం తెగిన చోటే ధర, బిల్లు మాటే లేదు. కొన్న గడియారం ఇంటికి చేరేలోగా ఆగిపోతే అది కొన్నవాడి ఖర్మ.

రెండో జవాబు ట్రిప్లికేన్‌ది. వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి వంటి చదువుకున్న మధ్యతరగతివారు 1904లో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీని నెలకొల్పారు. దేశంలో వినియోగదారుల సహకార ఉద్యమం దానితోనే మొదలైందంటారు. ఇంగ్లండులో రోచ్‌డేల్ పట్టణపు నేతపనివారు 1844లో వేసిన బాటే వీరిదీ: సరైన తూకం, కల్తీ లేని సరుకు, వచ్చిన లాభం సభ్యులకే. కొనేవాడే కొట్టుకు యజమాని అయ్యాక అతన్ని మోసం చేసి బాగుపడేవాడు ఉండడు. ఊహ గొప్పదే. కాని అది బియ్యం, పప్పుల దగ్గర ఫలించినట్టు యంత్రాల దగ్గర ఫలించేది కాదు. పప్పులో రాళ్లను గుమాస్తా చూడగలడు. మరమేకు లోపలి లోపాన్ని గుమాస్తా చూడలేడు, సభ్యుడూ చూడలేడు.

యంత్రాల సంగతి చట్టం చూసుకోవలసి వచ్చింది. సరుకుల అమ్మకాల నియమాలు మొదట 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఒక అధ్యాయంగా ఉండేవి. ఆ అధ్యాయం స్థానంలో 1930 జూలై 1 నుంచి సరుకుల విక్రయ చట్టం వచ్చింది. కొనేవాడే చూసుకుని కొనాలన్నది దాని మూలసూత్రం. అయితే 16వ సెక్షన్ దానికి మినహాయింపులు ఇచ్చింది. ఏ పనికి కావాలో చెప్పి, అమ్మేవాడి నేర్పు మీద నమ్మకంతో కొంటే, వస్తువు ఆ పనికి పనికిరావాల్సిందే. ఈ సూత్రానికి ఉదాహరణ ఇంగ్లండులో 1903లో తేలిన ఒక వేడినీళ్ల సీసా దావా. మందుల దుకాణంలో కొన్న ఆ సీసా కొద్ది రోజులకే పగిలి, కొన్నాయన భార్య ఒళ్లు కాలింది. వేడినీళ్ల సీసా అంటేనే పని ఏమిటో తెలుస్తుంది, విడిగా చెప్పనక్కర్లేదని కోర్టు తీర్పు చెప్పి దుకాణదారునే బాధ్యుణ్ణి చేసింది. ఆవిరి, నిప్పు, వేడితో పనిచేసే ప్రతి సామానుకూ ఆ తర్కం నేటికీ వర్తిస్తుంది.

ఒక చేత్తో ఇచ్చిన హక్కుకు ఆ చట్టమే మరో చేత్తో గండి కొట్టింది. ప్రధాన షరతు తప్పితే కొనుగోలుదారు సరుకు తిరగ్గొట్టవచ్చు. వారంటీ మాత్రమే తప్పితే నష్టపరిహారం అడగడమే గాని సరుకు తిప్పి పంపే వీలు లేదు. పైగా 62వ సెక్షన్ ప్రకారం ఇరుపక్షాలూ ఒప్పుకుంటే చట్టమిచ్చిన పూచీలను రద్దు చేసుకోవచ్చు. రసీదు అడుగున సన్నని అక్షరాలు బలం పుంజుకున్నది ఇక్కడే. అసలు చిక్కు వేరే ఉంది: కిరోసిన్ స్టవ్ చెడిందని సివిల్ కోర్టుకు వెళితే వకీలు ఫీజుకు నాలుగు స్టవ్‌లు వస్తాయి.

ప్రమాణాల ముద్ర ఈ లోటును కొంత పూడ్చింది. 1947లో ఏర్పడ్డ భారత ప్రమాణాల సంస్థకు 1952 చట్టం ధ్రువీకరణ ముద్ర వేసే అధికారం ఇచ్చింది. స్టవ్ ప్రమాణం ప్రకారం తయారైందని ఐఎస్ఐ గుర్తు చెబుతుంది. పేలితే డబ్బు ఎవరిస్తారో మాత్రం చెప్పదు.

ఆ ప్రశ్న గట్టిగా వినిపించింది 1980లలో. 1984లో గుత్తాధిపత్య నిరోధక చట్టాన్ని సవరించి, సరైన పరీక్ష లేకుండా వస్తువు పనితనానికి గ్యారంటీ ఇవ్వడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చారు. 1985 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి వినియోగదారుల రక్షణకు మార్గదర్శకాలు ఆమోదించింది. అదే ఏడాది మద్రాసులో కన్స్యూమర్ యాక్షన్ గ్రూప్ పుట్టింది. మూర్ మార్కెట్ తగలబడిపోయింది కూడా ఆ ఏడాదే, మే 30న. మరుసటి ఏడాది వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. వినియోగదారుల ఫోరాలు ఏర్పడి, నగరానికి చెన్నై ఉత్తరం, చెన్నై దక్షిణం అని రెండు జిల్లా ఫోరాలు దక్కాయి. వకీలు లేకుండానే ఎవరి ఫిర్యాదు వారు చెప్పుకునే వీలు కలిగింది.

ఈ చరిత్రకు ఇప్పటి పరీక్ష ఇంటర్నెట్‌లో కొనే మడత ఆవిరి గుడారం. గుడ్డతో కుట్టిన చిన్న గది, జిప్పు, నీళ్లు మరిగించే కరెంటు పాత్ర: సామానంతా ఇంతే. మే నెలలో చెన్నైవాసికి డబ్బిచ్చి చెమట పట్టించుకోవలసిన అవసరం ఏమిటో గాని, గుడారాలు అమ్ముడవుతూనే ఉన్నాయి. ఫిన్లాండు, రష్యాల్లో ఇలాంటి గుడారాల్లో కట్టెల పొయ్యి పెడతారు. ఇక్కడి ఇళ్లలో వాడేది ఎక్కువగా కరెంటుదే. బోరునీటి ఉప్పు కాయిల్ మీద పొరగా పేరుకుని పాత్రను చెడగొడుతుంది. వారంటీ కార్డులు సాధారణంగా అలాంటి పొరనూ, గుడ్డ చిరుగునూ, జిప్పునూ మినహాయిస్తాయి. పేరున్న తయారీదారు సముద్రం అవతల ఉంటే కార్డు విలువ మరీ తగ్గుతుంది.

2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం సరిగ్గా ఈ సందు మీదే దృష్టి పెట్టింది. తయారీదారు ఎవరో తెలియకపోయినా, భారత చట్టానికి లోబడనివాడైనా, లోపం వల్ల ఒంటికో ఆస్తికో హాని జరిగితే అమ్మినవాడే బాధ్యుడు. బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న సరుకును 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం అనుచిత పద్ధతి. కాబట్టి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదన్న బోర్డుకు లోపమున్న సరుకు విషయంలో చెల్లుబాటు లేదు. అమ్మిన సంస్థ ఢిల్లీలో ఉన్నా కొన్నవారు చెన్నైలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్ అమ్మకపు సంస్థ తనకు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి.

బ్యూటీ పార్లర్‌కు కొన్న గుడారం సంగతి కొంచెం వేరు. వ్యాపారం కోసం కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకునేవారికి మాత్రం 1993 సవరణ మినహాయింపు ఇచ్చింది, కొత్త చట్టమూ దాన్ని నిలిపింది. గడువు విషయానికొస్తే, ఫిర్యాదుకు కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. పదకొండో నెలలో బయటపడిన లోపానికి, కార్డు మీది ఏడాది ముగిశాక కూడా, ఫోరాల స్థానంలో వచ్చిన వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంటుంది.