కబురు రేటు

2019 డిసెంబరు 17 సాయంత్రం నా ఫోను చల్లారలేదు. అసెంబ్లీలో ముఖ్యమంత్రి జగన్ మూడు రాజధానుల మాట ఎత్తి, పరిపాలనా రాజధాని విశాఖలో రావచ్చని అన్నారు. రావచ్చు అన్నారంతే. రాత్రి పదింటికల్లా ఆనందపురం, తగరపువలస వైపు సైట్లున్న ఓనర్లు నలుగురు ఫోన్ చేసి, "ఇప్పుడే అమ్మం, కొన్నాళ్ళు చూద్దాం" అన్నారు. అంతకుముందు నాలుగు నెలలుగా నాకు ఒక్క రిజిస్ట్రేషనూ లేదు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

మధురవాడలో సైట్లు చూపించడం నా పని. ఆదివారం ఎండలో పార్టీని కారెక్కించి నాలుగు లేఅవుట్లు తిప్పాలి. ఈసీ తీయించాలి, లింకు డాక్యుమెంట్లు చూపించాలి. అది జిరాయితీయా, డి-పట్టానా, 22ఏ జాబితాలో ఏమైనా ఉందా తేల్చాలి. ఇంతా అయ్యాక తూర్పు ఫేసింగ్ కాదని వాళ్ళావిడ పెదవి విరుస్తుంది. బయానా దాకా వచ్చి తప్పిపోయినవి నేను లెక్కపెట్టడం మానేశాను. కమీషను శాతమో, రెండు శాతమో. అదీ రిజిస్ట్రేషన్ రోజున ముడితే ముట్టినట్టు, లేకపోతే అన్నాళ్ళ పెట్రోలూ నాదే.

ఇలాంటి ఎత్తుపల్లాలు ఏ ఊరి బ్రోకరుకైనా ఉంటాయి. విశాఖలో వీటిమీద ఇంకోటి ఉంది. ఇక్కడ భూమి రేటు రోడ్డు వచ్చాక పెరగదు, రోడ్డు వస్తుందన్న కబురుకి పెరుగుతుంది. ఈ అలవాటు నా తరంతో మొదలైంది కాదు.

1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ రాష్ట్రమంతా లేచింది. అమృతరావు ఇక్కడ నిరాహార దీక్ష చేశారు. కాల్పుల్లో మనుషులు పోయారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీ ప్రకటించారు, 1971 జనవరి 20న వచ్చి పునాదిరాయి వేశారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేసు రగిలింది 1990లో. పీవీ నరసింహారావు జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. రాయికీ ఉక్కుకీ మధ్య ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ ఇరవై ఏళ్ళూ ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసి, చేతిలో ఆర్-కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసిన వాళ్ళున్నారు. కార్డున్న అందరికీ ఉద్యోగం రాలేదు.

మా మావయ్యకి వచ్చింది. ప్రకటన నాటికి ఆయనకి పదకొండేళ్ళు. మా తాతయ్య భూమి ఫ్యాక్టరీలోకి పోయింది. ఉద్యోగం వచ్చేసరికి మావయ్యకి ముప్ఫై దగ్గరపడ్డాయి. 2019లో రిటైరయ్యాడు.

2020 జనవరిలో అసెంబ్లీలో బిల్లు పాసైన వారం మావయ్యే ఫోన్ చేశాడు. "ఏరా, ఇప్పుడు కొనమంటావా?"

"కొనెయ్ మావయ్యా. ఇంకో ఆరు నెలలైతే మనకి అందదు."

భోగాపురం వైపు రెండు వందల గజాలు. పేపర్లు శుభ్రంగా ఉన్నాయి, నేనే చూశాను. పీఎఫ్ డబ్బులో సగం దానికే పోయింది. ఆయన వద్దన్నా వినకుండా జేబులో కమీషను పెట్టాడు. నేను తీసుకున్నాను.

2021 జనవరి 27న ఉక్కు ఫ్యాక్టరీని పూర్తిగా అమ్మడానికి కేంద్ర కేబినెట్ కమిటీ ఆమోదించింది. కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది. నా పార్టీల్లో ఎక్కువమంది ఫ్యాక్టరీ వాళ్ళే. రెండు బయానాలు వెనక్కి పోయాయి. అదే ఏడాది నవంబరు 22న మూడు రాజధానుల చట్టాన్ని ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. మళ్ళీ తెస్తామనీ చెప్పింది, ఆ మాటకీ కొంతమంది కొన్నారు. భోగాపురం ఎయిర్‌పోర్టుకి 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు, 2023 మేలో జగన్ శంకుస్థాపన చేశారు. ఒకే ఎయిర్‌పోర్టుకి రెండు రాళ్ళు. రెండుసార్లూ నేను సైట్లు చూపించాను.

మావయ్య కూతురి పెళ్ళికి ఆ సైటు అమ్మాలన్నాడు. కొన్న రేటుకి కూడా పార్టీ దొరకలేదు. లోను తీసుకున్నారు. ఒక్క మాట అన్నా బావుండేది. పెళ్ళి పందిట్లో నన్ను వియ్యంకుడికి పరిచయం చేస్తూ, "మా మేనల్లుడు. సైట్లు చూపిస్తాడు, నమ్మకంగా ఉంటాడు" అన్నాడు. భోజనం సహించలేదు నాకు.

2016 రెరా చట్టం వచ్చాక ఏజెంటు రిజిస్టరు చేసుకోవాలి. తప్పుడు మాటలు చెప్పి అమ్మితే శిక్ష ఉంది. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా బిల్డరు పది శాతానికి మించి తీసుకోకూడదు. మంచి చట్టమే. నా కేసు మాత్రం అందులో పట్టదు. మావయ్యకి నేను అబద్ధం చెప్పలేదు. అసెంబ్లీలో అన్నదే చెప్పాను. కాకపోతే వాళ్ళు "రావచ్చు" అన్నదాన్ని నేను "వస్తుంది" అన్నాను. బిల్లు చూసి నేనూ అదే నమ్మాను. నా తప్పు ఎక్కడుందని వెతుక్కుంటే ఆ ఒక్క క్రియాపదం దగ్గరే ఆగుతుంటాను.

2025 అక్టోబరు 14న ఢిల్లీలో గూగుల్ వాళ్ళు విశాఖలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించారు. ఆనందపురం మండలంలోని తర్లువాడ పేరు పేపర్లలో పడింది. ఫోన్ మళ్ళీ చల్లారలేదు. ఆ సాయంత్రం మావయ్యా చేశాడు. నేను అమ్మకం మాట ఎత్తుతాడనుకున్నాను.

"చిన్నోడి దగ్గర కొంత డబ్బుంది. ఇంకో వంద గజాలు చూడరా" అన్నాడు.

"రావచ్చు మావయ్యా, వస్తుందని మాత్రం చెప్పలేను. పని మొదలయ్యాక చూద్దాం" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు.

"అప్పటికి మనకి అందదు కదరా" అన్నాడు.